కర్మాగారం గేటు దాటని భద్రత

1985 డిసెంబరు 4న దేశ రాజధాని ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫర్టిలైజర్స్ కర్మాగారంలో ఓలియం నిల్వచేసిన ట్యాంకు బద్దలైంది. ట్యాంకును మోస్తున్న కట్టడం కుప్పకూలడమే అందుకు కారణం. ఘాటైన ఆమ్ల ధూమం పరిసరాలను కమ్ముకొంది. భోపాల్ విషవాయు దుర్ఘటనకు అప్పటికి సరిగ్గా ఏడాది నిండింది. కర్మాగారానికి 3 కిలోమీటర్ల పరిధిలో సుమారు 2 లక్షల మంది నివసిస్తున్నారు. కార్మికులు, స్థానికులు అనేకులు ఆ ధూమం బారిన పడ్డారు. తీస్ హజారీ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది ఒకరు దానిని పీల్చి మరణించారని పిటిషనర్ సుప్రీంకోర్టుకు నివేదించారు. ప్రజలు దిగ్భ్రాంతి నుంచి తేరుకోకముందే, డిసెంబరు 6న ఒక గొట్టం అతుకుల నుంచి ఓలియం మరోసారి లీకైంది.

ప్రాణనష్టం దృష్ట్యా భోపాల్ విషాదంతో దీనికి పోలిక లేదు. కానీ భారత న్యాయచరిత్రను మలుపు తిప్పింది ఢిల్లీ ఓలియం కేసే. ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని అయిదుగురు సభ్యుల ధర్మాసనం 1986 డిసెంబరు 20న చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించింది. ప్రమాదకరమైన పరిశ్రమను నడుపుతూ లాభం గడించే సంస్థ, దానివల్ల ఎవరికి హాని కలిగినా సంపూర్ణ బాధ్యత వహించవలసిందేనని ఆ తీర్పు స్పష్టం చేసింది. తగిన జాగ్రత్తలన్నీ తీసుకొన్నామన్న వాదన చెల్లదని తేల్చిచెప్పింది. సంస్థ ఎంత పెద్దదైతే, ఎంత సంపన్నమైనదైతే పరిహారం అంత ఎక్కువగా ఉండాలని కూడా నిర్దేశించింది.

భోపాల్, ఢిల్లీ ఉదంతాల నేపథ్యంలో చట్టాలు వరుసగా వచ్చాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం రూపొందింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర ప్రక్రియలపై ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చారు. 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు, 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం, 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు అమలులోకి వచ్చాయి.

అప్పటి నుంచి నాలుగు దశాబ్దాలు గడిచాయి. చట్టాలకు కొదవ లేదు. అయితే అవి ప్రధానంగా పెద్ద కర్మాగారాన్ని, దాని ప్రహరీని దృష్టిలో ఉంచుకొని పుట్టినవి. ఆమ్లం ప్రహరీ లోపలే ఉండిపోదు. పెద్ద ట్యాంకు నుంచి ట్యాంకరులోకి, ట్యాంకరు నుంచి డ్రమ్ములోకి, డ్రమ్ము నుంచి ప్లాస్టిక్ డబ్బాలోకి, చివరకు మంచినీళ్ళ సీసాలోకి అది ప్రయాణిస్తుంది. ప్రతి మజిలీలోనూ ఆమ్లం ఆమ్లమే. దానిని గురించిన ఎరుక, దానిపట్ల జాగ్రత్త, దానికి బాధ్యుడైన మనిషి మాత్రం మజిలీ మజిలీకీ కనుమరుగవుతున్నారు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

నూనెలా కనిపించే నిప్పు

గంధకాన్ని మండించి వచ్చిన వాయువును వెనేడియం పెంటాక్సైడు ఉత్ప్రేరకం మీదుగా పంపితే గంధక ట్రయాక్సైడు ఏర్పడుతుంది. దానిని 98 శాతం గాఢత గల ఆమ్లంలో ఇముడ్చుకొని గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారుచేస్తారు. ఈ ట్రయాక్సైడు అదనంగా కరిగి ఉన్న ఆమ్లమే ఓలియం. గాలి తగిలితే చాలు, అందులోని తేమతో కలిసి దట్టమైన తెల్లని ధూమమవుతుంది. ఢిల్లీ వాసులను ఉక్కిరిబిక్కిరి చేసింది ఇదే.

ప్రపంచంలో అత్యధికంగా ఉత్పత్తయ్యే రసాయనాలలో గంధకామ్లం ఒకటి. ఏటా 25 కోట్ల టన్నులకు పైగా తయారవుతోంది. దీనిలో అధిక భాగం ఫాస్ఫేటు ఎరువుల తయారీకే పోతుంది. రైతు పొలంలో చల్లే డీఏపీ వెనుక గంధకామ్లం ఉంది. విశాఖపట్నం, కాకినాడలలోని ఎరువుల కర్మాగారాలు తెలుగువారికి సుపరిచితమే. ట్రాక్టరు, ఆటో, ఇంటిలోని ఇన్వర్టరు నడిచేది గంధకామ్లం నింపిన బ్యాటరీతోనే. ఉక్కుకు పట్టిన తుప్పు వదిలించడానికీ, చమురు శుద్ధికీ, రంగులకూ, మందులకూ ఇది కావాలి. కనుక ఆమ్లాన్ని నిషేధించాలనడం అర్థంలేని మాట. దానితో కలిసి బతకడం నేర్చుకోక తప్పదు.

గాఢ గంధకామ్లానికి రంగు లేదు, మామూలు వేడిమి వద్ద చెప్పుకోదగిన వాసనా లేదు. చిక్కని నూనెలా కనిపిస్తుంది. లీటరు నీరు కిలో బరువుంటే, లీటరు గాఢ ఆమ్లం 1.84 కిలోలు తూగుతుంది. నీటికోసం దానికున్న దాహం అసాధారణం. చక్కెర మీద పోస్తే క్షణాలలో నల్లని బొగ్గు మిగులుతుంది. చర్మం మీద పడినా అదే జరుగుతుంది. కణజాలంలోని తేమను లాగేస్తూ, ఆ చర్యలో పుట్టే వేడితో దానిని కాల్చివేస్తుంది. ఒకే గాయంలో రసాయనపు కోత, నిప్పు కాలుడు రెండూ కలిసి ఉంటాయి. కంటిలో పడితే చూపు శాశ్వతంగా పోవచ్చు.

ఈ దాహమే పలుచన చేసే పనిలో ప్రాణాంతకమవుతుంది. ఆమ్లంలో నీరు పోస్తే, తేలికైన నీరు పైననే నిలిచి, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి, ఆమ్లాన్ని ముఖంమీదికి చిమ్ముతుంది. అందుకే నీటిలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా, కలుపుతూ పోయాలే తప్ప, ఆమ్లంలోకి నీటిని పోయరాదు. పాఠశాల విద్యార్థికి తెలిసిన ఈ నియమం బ్యాటరీ దుకాణంలో పనిచేసే కుర్రవాడికి ఎవరూ చెప్పరు. పలుచని ఆమ్లం వల్ల ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. బట్టమీద పడిన చుక్కలోని నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన ఆమ్లం చిక్కబడుతూ బట్టను, తర్వాత చర్మాన్ని తినివేస్తుంది.

కంటికి కనిపించని హాని మరొకటి ఉంది. బ్యాటరీల చార్జింగు గదులలో, ఉక్కును ఆమ్లంలో ముంచే తొట్ల వద్ద సన్నని ఆమ్ల తుంపర గాలిలో తేలుతుంటుంది. ఏళ్ళ తరబడి దానిని పీల్చే కార్మికుల పళ్ళు అరిగిపోతాయి, శ్వాసనాళాలు దెబ్బతింటాయి. గంధకామ్లంతో కూడిన తీవ్ర ఆమ్లాల తుంపరకు వృత్తిరీత్యా గురికావడం మానవులలో క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1992లోనే నిర్ధారించింది. ముఖ్యంగా స్వరపేటిక క్యాన్సరుతో దీనికి సంబంధం ఉన్నట్లు తేలింది. చర్మం కాలితే కార్మికుడు వెంటనే కేకవేస్తాడు. గొంతు పాడయ్యేసరికి అతను ఆ పని మానేసి ఎన్నేళ్ళవుతుందో! ఆ రోగాన్ని ఏ యాజమాన్యం ఖాతాలోనూ ఎవరూ రాయరు.

ఖాళీ ట్యాంకులో పొంచి ఉన్న ముప్పు

గేటు లోపల కూడా అంతా సవ్యంగా ఉందని భావించరాదు. గాఢ గంధకామ్లాన్ని మామూలు ఉక్కు ట్యాంకులలోనే నిల్వచేస్తారు. ఆమ్లం తాకిన ఉక్కుపై ఇనుప సల్ఫేటు పొర ఏర్పడి, అదే లోహానికి రక్షణ కవచమవుతుంది. కానీ ఆమ్లం పలుచబడితే ఈ కవచం నిలవదు. ఉక్కు కరుగుతుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాలిలో 4 శాతం ఉన్నా హైడ్రోజన్‌కు నిప్పురవ్వ సరిపోతుంది.

ట్యాంకు ఖాళీ అయింది, మరమ్మతు చేయాలి, నీటితో కడిగారు. అడుగున మిగిలిన ఆమ్లం ఆ నీటితో పలుచబడి ఉక్కును తింటూ హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంటుంది. ఆ సంగతి తెలియని వెల్డరు టార్చి వెలిగిస్తాడు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదకరమని పరిశ్రమ అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. గాలిని పరీక్షించకుండా, లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆమ్లపు ట్యాంకు మీద గాని, దాని చేరువలో గాని నిప్పు పని చేయనివ్వడం నేరంతో సమానం.

సంపన్న దేశాలు కూడా ఈ విషయంలో పాఠం నేర్చుకోవలసి వచ్చింది. 2001 జూలై 17న అమెరికాలోని డెలావేర్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో వాడిన గంధకామ్లం నిల్వచేసిన ట్యాంకు పేలింది. సమీపంలోని నడకదారికి మరమ్మతు చేస్తుండగా లేచిన నిప్పురవ్వ, ట్యాంకులోని మండే ఆవిరులకు అంటుకొంది. ఆ ట్యాంకు తుప్పుపట్టి అంతకుముందే చిల్లులు పడింది. ఒక కార్మికుడు మరణించాడు, 8 మంది గాయపడ్డారు. ట్యాంకు ముందే లీకవుతున్నదని తెలిసినా పూర్తిస్థాయి తనిఖీని వాయిదావేస్తూ వచ్చారు.

మూతపడిన కర్మాగారం కూడా నిద్రపోదు. తమిళనాడులోని తూత్తుకుడి రాగి కర్మాగారం మూసివేతకు 2018 మే చివరలో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మూడు వారాలు తిరగకముందే అక్కడి గంధకామ్లపు ట్యాంకు నుంచి స్వల్పంగా లీకవుతున్నట్లు బయటపడింది. అధికారులు హుటాహుటిన ఆమ్లాన్ని ట్యాంకర్లలోకి మళ్ళించి తరలించవలసి వచ్చింది. మూసివేత ఉత్తర్వుపై సంతకం చేసేటప్పుడే ట్యాంకులలో ఏమున్నది, దానిని ఎవరు కాపలా కాస్తారు అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి.

రోడ్డు మీద, సముద్రం మీద

ఆమ్లం గేటు దాటి ట్యాంకరులోకి ఎక్కింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ప్రమాదకర సరుకు మోసే వాహనంపై అత్యవసర సమాచార ఫలకం ఉండాలి. గంధకామ్లానికి ఐక్యరాజ్యసమితి కేటాయించిన సంఖ్య 1830 దానిమీద స్పష్టంగా కనిపించాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో తెలిపే పత్రం డ్రైవరు వద్ద ఉండాలి, అతను ప్రత్యేక శిక్షణ పొంది ఉండాలి. ఇవి వట్టి లాంఛనాలు కావు. బోల్తాపడిన ట్యాంకరు వద్దకు ముందుగా చేరేది రసాయన నిపుణులు కారు. చుట్టుపక్కల గ్రామస్థులు, గస్తీ పోలీసులు, స్థానిక అగ్నిమాపక సిబ్బంది చేరతారు. కారుతున్నది నీరో, నూనెనో, ఆమ్లమో వారికి చెప్పగలిగింది ఆ ఫలకం ఒక్కటే. ఫలకం మీద దుమ్ము పేరుకొని ఉంటే, పత్రం డ్రైవరుకు తెలియని భాషలో ఉంటే నిబంధన పాటించినట్లవుతుందే తప్ప ప్రాణం దక్కదు.

ట్యాంకరు ప్రయాణం కన్నా సరుకు దించే ఘడియ మరింత గడ్డుది. చాలాచోట్ల గాలి పీడనంతో ఆమ్లాన్ని ట్యాంకరు నుంచి తోడిస్తారు. గొట్టం పాతదైనా, బిగింపు వదులైనా పీడనంతో కూడిన ఆమ్లం ఎదురుగా ఉన్నవాని ముఖాన్ని తాకుతుంది. ముఖకవచం, రబ్బరు చేతితొడుగులు, ఆమ్లాన్ని తట్టుకొనే దుస్తులు, పక్కనే ధారాళంగా నీరు ఉండవలసిన చోట తరచుగా కనిపించేది చొక్కాచేతులు మడిచిన డ్రైవరు, చెప్పులతో నిలబడిన హమాలీ.

వాడిన ఆమ్లం, రసాయన వ్యర్థాల సంగతి మరీ దారుణం. కొన్నదానికి రశీదు ఉంటుంది, పారబోసిన దానికి ఉండదు. 2022 జనవరి 6 తెల్లవారుజామున గుజరాత్‌లోని సూరత్ సమీపాన గల సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుంచి రసాయన వ్యర్థాలను అక్రమంగా కాలువలోకి వదిలారు. వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలయ్యారు, ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ మృతులకు ఆ రసాయనంతో ఏ సంబంధమూ లేదు. వారు కాలువ సమీపంలోని మిల్లులో పనిచేసుకొంటున్నవారు.

సముద్రమార్గంలోనూ ఇదే కథ. 2021 మే నెలలో శ్రీలంక తీరంలో దగ్ధమైన ఎక్స్-ప్రెస్ పెర్ల్ నౌకలో 25 టన్నుల నైట్రిక్ యాసిడ్ ఉంది. గంధకామ్లం లాగే అదీ తీవ్రంగా తినివేసే ఆమ్లం. ఒక కంటెయినరు నుంచి అది లీకవుతున్న సంగతి సిబ్బందికి ముందే తెలుసు. ఆ కంటెయినరును దించుకోవడానికి ఖతార్‌లోని హమద్ రేవు అంగీకరించలేదు, గుజరాత్‌లోని హజీరా రేవూ అంగీకరించలేదు. నౌక కొలంబో చేరింది. మే 20న మంటలు రేగాయి. జూన్ 2న మునక మొదలైంది. ప్లాస్టిక్ గుళికలు తీరాన్ని ముంచెత్తాయి, మత్స్యకారులు జీవనోపాధి కోల్పోయారు. నౌక యాజమాన్యం తదితరులు 100 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని శ్రీలంక సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశించింది. లీకవుతున్న ఒక్క పెట్టెను ఎవరూ తమ బాధ్యతగా స్వీకరించనందుకు ఒక చిన్న దేశం చెల్లించిన మూల్యం ఇది.

ఆ మరుసటి ఏడాది, 2022 జూన్ 4న బంగ్లాదేశ్‌లోని సీతాకుండ కంటెయినరు డిపోలో మంటలు చెలరేగాయి. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడు ఉందన్న సమాచారం మంటలార్పడానికి వెళ్ళిన సిబ్బందికి అందలేదు. సుమారు 50 మంది మరణించగా, మృతులలో అగ్నిమాపక సిబ్బందే పలువురు. రసాయనం వేరైనా గుణపాఠం ఒకటే. సరుకుతోపాటు సమాచారం ప్రయాణించకపోతే, ఆపదలో ఆదుకోవడానికి వచ్చినవారే మొదట ఆహుతవుతారు.

దుకాణంలో నీళ్ళ సీసా

ఆమ్లం ప్రయాణంలో చివరి మజిలీ అత్యంత నిర్లక్ష్యానికి గురైనది. బ్యాటరీ దుకాణాలు, బంగారం శుద్ధిచేసే గదులు, లోహాలకు పూతవేసే చిన్న షెడ్లు, మరుగుదొడ్లు శుభ్రం చేసే యాసిడ్ అమ్మే కిరాణా కొట్లు ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ ఆమ్లం పెద్ద డబ్బా నుంచి వాడేసిన మంచినీళ్ళ సీసాలోకి, శీతల పానీయపు సీసాలోకి మారుతుంది. సీసామీద పేరు ఉండదు, పుర్రెగుర్తు ఉండదు, పిల్లలు తీయలేని మూత ఉండదు. దాహంతో వచ్చిన పిల్లవానికి అది నీళ్ళ సీసాయే. గొంతు, అన్నవాహిక కాలిపోయి బతికినవారు సైతం ఏళ్ళ తరబడి మింగలేక అవస్థపడతారు.

ఇంటిలో మరో ప్రమాదం కాచుకొని ఉంటుంది. త్వరగా శుభ్రపడుతుందన్న ఆశతో మరుగుదొడ్డిలో యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పోసేవారు ఎందరో. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరి ఆడనివ్వదు. ఈ ఒక్క మాట ప్రతి సీసామీదా తెలుగులో, హిందీలో, ఉర్దూలో ముద్రించడానికి ఎంత ఖర్చవుతుంది?

చిల్లర అమ్మకాలపై ఆంక్షలు లేవని కాదు. మహిళలపై ఆమ్లదాడులు పెచ్చుమీరిన నేపథ్యంలో సుప్రీంకోర్టు 2013 జూలై 18న కీలకమైన ఆదేశాలిచ్చింది. కొనుగోలుదారుకు 18 ఏళ్ళు నిండి ఉండాలి, గుర్తింపు పత్రం చూపాలి, ఎందుకు కొంటున్నదీ చెప్పాలి, దుకాణదారు రిజిస్టరులో నమోదు చేయాలి. నిల్వలు ప్రకటించకుంటే 50 వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగు విద్యార్థినులపై జరిగిన దాడిని తెలుగు ప్రజలు మరచిపోలేదు. కోర్టు ఆదేశాలు వెలువడిన తొమ్మిదేళ్ళకు, 2022 డిసెంబరులో ఢిల్లీలో పాఠశాల విద్యార్థినిపై జరిగిన దాడిలో నిందితులు ఆమ్లాన్ని ఆన్‌లైన్‌లో కొన్నట్లు పోలీసులు వెల్లడించారు. కిరాణా కొట్టుకు రిజిస్టరు నిర్ణయించేసరికి ఆమ్లం మరో తోవ వెతుక్కొంది.

ఈ విషయంలో పొరుగుదేశం అనుభవం పరిశీలించదగినది. బంగ్లాదేశ్ 2002లో రెండు చట్టాలు చేసింది. ఒకటి దాడులకు కఠినశిక్షలు నిర్దేశించగా, రెండవది ఆమ్లం దిగుమతి, ఉత్పత్తి, రవాణా, నిల్వ, అమ్మకం, వినియోగం అన్నింటికీ లైసెన్సు తప్పనిసరి చేసింది. 2002లో 500కు చేరువైన దాడుల సంఖ్య దశాబ్దం తిరిగేసరికి 100 లోపుకు దిగింది. ఆ తగ్గుదలకు చట్టంతోపాటు పౌరసంస్థల ప్రచారం, పత్రికల కృషి తోడ్పడ్డాయి. అయినా చేతులు మారే ప్రతిచోటా ఒక బాధ్యుని నిలబెట్టాలన్న ఆ చట్టంలోని ఆలోచన భారతదేశానికీ అవసరమే. నేరాన్ని అరికట్టే ఆ గొలుసుకట్టు నమోదే ప్రమాదాన్ని కూడా అరికడుతుంది.

నీరే మొదటి వైద్యం

ఆమ్లం నీటితో కలిస్తే వేడి పుడుతుందన్న అరకొర జ్ఞానం కొన్ని సందర్భాలలో ప్రాణం మీదికి తెస్తుంది. ఒంటిమీద ఆమ్లం పడినవారిపై నీరు పోయడానికి చుట్టూ ఉన్నవారు జంకుతారు. ఇది ఘోరమైన పొరపాటు. గుక్కెడు నీరు వేడి పుట్టిస్తుంది, ధారాపాతంగా పోసిన నీరు ఆమ్లాన్నీ వేడినీ కలిపి కడిగేస్తుంది. తడిసిన దుస్తులు వెంటనే తీసివేసి, కనీసం 20 నుంచి 30 నిమిషాలపాటు నీటి ధార కింద ఉంచాలి. కంటిలో పడితే రెప్పలు విప్పిపట్టి అంతసేపూ కడగాలి. ఆ తర్వాతనే ఆసుపత్రి ప్రయాణం. కడగకుండా ఆటోలో కూర్చోబెట్టి తీసుకువెళితే దారిపొడవునా ఆమ్లం లోపలికి తొలుచుకుంటూనే పోతుంది.

సోడా, సున్నం, పసుపు, నూనె, పళ్ళపేస్టు పూయరాదు. ఆమ్లాన్ని విరిచే ప్రయత్నంలో పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. ఆమ్లం మింగినవారికి వాంతి చేయించరాదు. దిగేటప్పుడు కాల్చిన ఆమ్లం, పైకి వచ్చేటప్పుడు మరోసారి కాలుస్తుంది. ప్రమాద స్థలం నుంచి 10 సెకన్లలో చేరుకోగల దూరంలో అత్యవసర జల్లుస్నానం, కన్ను కడిగే ఏర్పాటు ఉండాలని అంతర్జాతీయంగా పాటించే ప్రమాణాలు చెబుతున్నాయి. చిన్న షెడ్డు యజమాని అంత ఖరీదైన ఏర్పాటు చేయలేకపోవచ్చు. నిండుగా నీరున్న 200 లీటర్ల డ్రమ్ము, ఒక మగ్గు, కుళాయికి తగిలించిన గొట్టం పెట్టలేనంత పేదవాడు మాత్రం ఆమ్లంతో వ్యాపారం చేయరాదు.

కొత్త స్మృతి, పాత సందేహం

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. విద్యుత్తుతో నడిచే యూనిట్లను ఫ్యాక్టరీగా పరిగణించడానికి పాత చట్టం 10 మంది కార్మికులుంటే చాలన్నది. కొత్త స్మృతి ఆ సంఖ్యను 20కి పెంచింది. విద్యుత్తు లేనివాటికి పరిమితి 20 నుంచి 40కి పెరిగింది. వ్యాపార సౌలభ్యం దీని ఉద్దేశమని పాలకులు చెబుతున్నారు. అయితే ఆమ్లం కార్మికులను లెక్కపెట్టుకొని కాల్చదు. అయిదుగురు పనిచేసే షెడ్డులో ఆమ్లం తొట్టి వద్ద నిలబడినవానికి, అయిదు వందలమంది పనిచేసే కర్మాగారంలోని వానికి ముప్పు ఒకటే. నిజానికి చిన్న షెడ్డులోనే అది ఎక్కువ. అక్కడ భద్రతాధికారి ఉండడు, అంబులెన్సు ఉండదు.

కాగా, ప్రమాదకరమైన పనులు జరిగే సంస్థలలో ఒక్క కార్మికుడు ఉన్నా స్మృతిని వర్తింపజేసే వెసులుబాటు ప్రభుత్వానికి ఉంది. ఈ అధికారాన్ని కాగితాలకే పరిమితం చేయరాదు. గాఢ ఆమ్లాలను నిల్వచేసే, పలుచన చేసే, వాడిన ఆమ్లాన్ని పారబోసే ప్రతి యూనిట్‌నూ, అది ఎంత చిన్నదైనా, ఈ పరిధిలోకి తీసుకురావలసి ఉంది.

దీనివల్ల చిన్న పరిశ్రమలపై తనిఖీల వేధింపులు పెరుగుతాయన్న వాదన ఉంది. దీనిని పూర్తిగా తోసిపుచ్చలేం. ఇన్‌స్పెక్టరు రాక అంటే మామూళ్ళ ముట్టజెప్పుడే అన్న అనుభవం చిన్న పారిశ్రామికులకు లేకపోలేదు. దానికి విరుగుడు తనిఖీల రద్దు కాదు, తనిఖీల బహిరంగత. ఏ యూనిట్‌ను ఎప్పుడు చూశారు, ఏ లోపం కనుగొన్నారు, దానిని ఎప్పుడు సరిదిద్దారు అన్న వివరాలు కార్మికులకు, ఇరుగుపొరుగుకు అందుబాటులో ఉంటే వేధింపునకూ కుమ్మక్కునకూ చోటు తగ్గుతుంది. ప్రమాదాల వివరాలను పరిసర ప్రజలకు తెలపాలన్న నిబంధన 1987 సవరణలోనే ఉంది. అమలు చేయాలన్న చిత్తశుద్ధి కొరవడింది.

బాధ్యత కూడా ప్రయాణించాలి

చేయవలసినవి అసాధ్యమైన పనులేమీ కావు. తయారీదారు నుంచి చివరి వాడుకదారు వరకు ఆమ్లం చేతులు మారిన ప్రతిసారీ పరిమాణం, పుచ్చుకొన్నవారి లైసెన్సు నమోదు కావాలి. వాడిన ఆమ్లానికి, బ్యాటరీల నుంచి ఒలికించే ఆమ్లానికి కూడా ఇదే లెక్క ఉండాలి. బ్యాటరీ ఆమ్లంలో సీసం కలిసి ఉంటుందని, అది కాలువ నుంచి చెరువుకు, చెరువు నుంచి పిల్లల నెత్తురులోకి చేరగలదని మరవరాదు. నీళ్ళ సీసాలలో, పానీయాల సీసాలలో ఆమ్లాన్ని నింపి అమ్మడాన్ని కఠినంగా శిక్షించాలి. తక్కువ గాఢత గల శుభ్రపరిచే ద్రవాలు దొరుకుతుండగా ఇళ్ళకు గాఢ ఆమ్లం అమ్మవలసిన అవసరమే లేదు.

హెచ్చరికలు చదివేవాని భాషలో ఉండాలి. పటాన్‌చెరు, పాశమైలారం, పరవాడ పారిశ్రామికవాడలలో ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన వలస కార్మికులు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఇంగ్లీషులోనో తెలుగులోనో రాసిన బోర్డు వారికి గోడమీది రంగు మాత్రమే. బొమ్మలతో, వారి భాషలో, పనిలో చేరిన మొదటి రోజునే నేర్పాలి. కాంట్రాక్టరు పంపిన కార్మికుడు కాలిపోతే ఆ లెక్క కాంట్రాక్టరుదేనని ప్రధాన యాజమాన్యం తప్పించుకోవడానికి వీలుండరాదు. జాతీయ రహదారుల వెంట ఉన్న అగ్నిమాపక కేంద్రాలకు, ప్రభుత్వాసుపత్రులకు ఆమ్ల ప్రమాదాలను ఎదుర్కొనే శిక్షణ, సరంజామా సమకూర్చాలి.

ఢిల్లీ ఓలియం కేసులో సర్వోన్నత న్యాయస్థానం ప్రతిపాదించిన సూత్రం ఎంతో సరళమైనది. ప్రమాదకరమైన వస్తువుతో లాభం పొందేవాడే దానివల్ల కలిగే నష్టాన్నీ భరించాలి. ఆ సూత్రాన్ని ఇన్నేళ్ళుగా ప్రమాదం జరిగిన తర్వాత పరిహారం లెక్కకట్టడానికే వాడుకొంటున్నారు. పరిహారం అవసరమే, కానీ పోయిన చూపును ఏ పరిహారమూ తిరిగి తేలేదు. ట్యాంకరు యజమాని, డిపో నిర్వాహకుడు, టోకు వర్తకుడు, చిల్లర దుకాణదారు అందరూ ఆమ్లంతో లాభం పొందుతున్నవారే. ప్రమాదానికి ముందే వారివారి వంతు బాధ్యతను నిర్ణయించి అమలు చేయించడం ప్రభుత్వాల విధి. ఆమ్లం ఎంతదూరం ప్రయాణిస్తే అంతదూరమూ హెచ్చరిక, నీరు, బాధ్యత దాని వెంట నడవాలి. ఢిల్లీలో ట్యాంకు కూలిన నాడు నేర్చుకోవలసిన ఆ పాఠాన్ని మరో కట్టడం కూలేదాకా వాయిదా వేయడం క్షమార్హం కాదు.